కామా పక్కన ఖాళీ సీటు

తెలంగాణ రాకముందు కామారెడ్డిలో నా థీసిస్ టైపు చేసిన అన్న, మిగతా వేళల్లో ఎల్లారెడ్డి దారిలో షేర్ ఆటో నడిపేవాడు. ఖాళీ కనబడితే ఓర్చుకోలేడు. నా పరిశోధనలోని ఖాళీలు మాత్రం, అదృష్టం, ఆయన కంట పడలేదు.

పుస్తకాల పట్టికలో ప్రతి కామా తర్వాతా సాఫ్ట్‌వేర్ తనంతట తానే కొంచెం చోటు వదిలేది. ఈయన "జర జరుగుండ్రి" అంటూ మూసేవాడు. అది మళ్లీ వదిలేది. ఆ రోజు సాయంత్రంలోగా ఎల్లారెడ్డిలో మా గైడు సంతకం పడకపోతే నా గడువు దాటిపోతుంది.

"అన్నా, ఉండనియ్యి!"

"గా సందుల ఇంకొకలు పడ్తరు సార్!"

చివరికి ఆయనే ఓడిపోయి, ప్రింటు తీసి, నన్ను ఆటో ఎక్కించాడు. వెనక నేనొక్కణ్నే.

"ఎవ్వరినీ ఎక్కించవా?"

"ఇయ్యాల వద్దు సార్. నడుమ జాగ ఉండాలెనని గా కంప్యూటర్ చెప్తనే ఉన్నది గద."

కామారెడ్డి దాటకముందే పదిమందిమయ్యాం. థీసిస్ ఎవరో అవ్వ ఒళ్లో కూర్చుని, గడువులోపే ఎల్లారెడ్డిలో దిగింది.