ఎవరూ తాగని మంచినీళ్లు

నా చిన్నప్పుడు, అమ్మ పోయిన ఏడాది, మా పెద్దమ్మ నన్ను నాంపల్లిలోని తన ఒంటిగది ఇంటికి తెచ్చుకుంది. వేసవి సెలవుల్లో ఒక్కదాన్నే వదల్లేక తనతో పాటు పనికి తీసుకెళ్లేది. ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణం పై అంతస్తులో ఆమె, మరికొందరు ఆడవాళ్లు చొక్కాలు కుట్టేవారు. మిషన్ల చప్పుడులో నాతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండేది కాదు. గుడ్డ పీలికల మీద కూర్చుని అమ్మను తలుచుకోవడమే నా పని.

అక్కడ కుండ నిండా చల్లటి నీళ్లుండేవి. అంత ఎండలోనూ వాటిని ఎవరూ ముట్టేవారు కాదు. నేనొక్కదాన్నే గ్లాసులకు గ్లాసులు తాగేదాన్ని. బాత్‌రూమ్‌కు తాళం ఉంటుందని, దుకాణం యజమాని సేటు దాన్ని అన్నాల వేళ తప్ప తియ్యడని నాకేం తెలుసు? ఒకరోజు ఆపుకోలేక ఏడుస్తూ పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె వెళ్లి సేటును అడిగింది. "పిల్ల కోసం తీస్తే అందరూ లేస్తరు, పని ఆగుతది" అన్నాడాయన.

పెద్దమ్మ పోట్లాడలేదు. నా చెయ్యి పట్టుకుని కింది దుకాణంలోకి దిగింది. చొక్కాలు బేరమాడుతున్న వాళ్లను ఒక్కొక్కరినీ ఎంతో మర్యాదగా అడిగింది. "అన్నా, మీరు కొనే అంగీలు పైన మేమే కుడతం. మా బాత్‌రూమ్‌కు తాళమేసిన్రు. ఈ పిల్లను ఏడికి తీస్కపోవాల్నో జర చెప్తరా?"

సిగ్గుతో నా ప్రాణం పోయినంత పనైంది. బేరాలు ఆగిపోయాయి. సేటు తాళంచెవి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆ తర్వాత ఆ తలుపుకు మళ్లీ తాళం పడలేదు.

పెద్దమ్మకు మాత్రం వారం తిరక్కుండానే పని పోయింది. ఇంట్లోనే జాకెట్లు కుట్టుకుంటూ కూర్చుంది. తోటివాళ్లు మా గుమ్మం ముందు నుంచే పనికి వెళ్లేవారు. పలకరించినట్టు సేటు చెవిన పడితే తమ పనీ పోతుందని తల దించుకుని సాగిపోయేవారు. ఇంత పెద్ద ఊళ్లో మాకు ఎవరూ లేరనిపించి ఏడుపొచ్చేది. ఒకరోజు వాళ్లను తిట్టబోతే పెద్దమ్మ ఆపింది.

"వాళ్లనేమనకు బిడ్డా. ఇప్పుడన్నా నీళ్లు తాగుతున్నరు గద."

పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా బట్టలు నేనొక్కదాన్నే వెళ్లి కొనుక్కుంటాను. రంగు, ధర అడిగే ముందు, వీటిని కుట్టినవాళ్లకు ఎప్పుడంటే అప్పుడు లేచి వెళ్లే వీలుందా అని అడుగుతాను. కౌంటర్ దగ్గరి పిల్లలు ముసలావిడకు చాదస్తమని నవ్వుకుంటారు. నాకిప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. అయినా, పక్కనున్న నలుగురికీ వినబడేలానే అడుగుతాను.