నా పనేమిటో నేనే చెప్పాను

ఆ సాయంత్రం హైదరాబాద్ మధురానగర్‌లో నేను వంట చేసే ఆడపిల్లల హాస్టల్లో పూరీలు వేయిస్తున్నాను. నూనె పొగకు దగ్గు రావడం మామూలే. ఆ రోజు మాత్రం దగ్గు ఆగలేదు. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు మీద రక్తం మరక కనబడింది.

మొదట టీబీ అనుకుని మందులిచ్చారు, తగ్గలేదు. పంజాగుట్టలోని ఒక ఆసుపత్రిలో సీటీ స్కాన్, బయాప్సీ చేశారు. "లంగ్ క్యాన్సర్. త్వరగానే దొరికింది, ఆపరేషన్ చేయొచ్చు" అన్నారు డాక్టరమ్మ.

"నేను బీడీ ముట్టినదాన్ని కాదమ్మా!"

"పొగ తాగని ఆడవాళ్లకూ చాలా దేశాల్లో వస్తోంది. పీల్చే గాలి కూడా ఒక కారణం కావచ్చు. మీకు దేనివల్ల వచ్చిందో మాత్రం కచ్చితంగా చెప్పలేను."

ఊపిరితిత్తిలో కొంత భాగం తీసేశారు. ఇంటికెళ్లాక ఇన్‌ఫెక్షన్ వచ్చి మళ్లీ చేరాను. తర్వాత కీమో. జుట్టు పోయినా ఓర్చుకున్నాను గానీ, పోపు వాసనకే కడుపులో తిప్పుతుంటే ఏడుపొచ్చేది. వంటే కదా నా బతుకు.

ఒకరోజు, క్యాన్సర్ రోగుల వివరాలు రాసుకునే అమ్మాయి వార్డుకు వచ్చింది. "ఆంటీ ఏం పని చేస్తరు?" అని మా ఆయన్ని అడిగింది.

"ఏం లేదమ్మా, ఇంట్లనే ఉంటది."

నేను లేచి కూర్చున్నాను. "గట్లెట్ల అంటవ్? ఏండ్ల సంది హాస్టల్ల వంట చేస్తున్న. కిటికీ లేని అర్ర. రెండు పూటలు పొయ్యి ముందటనే. రాసుకో బిడ్డా."

"మంచిగ చెప్పిండ్రు ఆంటీ. అందరు గిట్ల చెప్తెనే ఏ పనిల, ఏ గాలిల జబ్బు ఎక్కువొస్తుందో తెలుస్తది."

ఆమె వెళ్లాక మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "తప్పయింది. ఇల్లు నడిచిందే నీ వంటతోని."

హాస్టల్ నడిపే రజియా ఆపా చూడటానికి వస్తే ఆమెకూ చెప్పాను. "నేను మళ్ల పనికొస్త ఆపా. కానీ గా గోడకు కిటికీ కావాలె."

"గదేం పెద్ద ముచ్చట! ఫికర్ చెయ్యకు. నువ్వు మంచిగై రా, చాలు."

నేను కోలుకునేలోపు గోడ కొట్టించి కిటికీ పెట్టించింది, ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా. ఇప్పుడు పొద్దుటి పూట వంట నాదే. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, స్కాన్‌కు పిలిచినప్పుడల్లా జబ్బు మళ్లీ వచ్చిందేమోనని భయమేస్తుంది. అయినా నాతోపాటు వండే ఇద్దరు ఆడవాళ్లు పొగ లేని గదిలో నిలబడ్డారంటే అది నేను అడిగి సాధించినదే.

మీరు డాక్టరు దగ్గరికి వెళితే జబ్బు సంగతి ఒక్కటే చెప్పకండి. ఏం పని చేస్తారో, ఎన్నేళ్లుగా ఎలాంటి గాలిలో చేస్తున్నారో కూడా చెప్పండి. మీ నోటితో మీరే చెప్పండి.