దొడ్లో రేగు విత్తనాలు

నా చిన్నప్పుడు, దొరల కాలంలో, మా కొండను కాపాడుకోమని ఊరి చేతికే ఇచ్చి అడవి పంచాయతీ పెట్టారు. కమలాపురం అవతల మాది మెట్ట ఊరు. గొడ్డళ్ళకూ మేకలకూ కొండ అప్పటికే బోడిదైపోయింది. పెద్దలు దాన్ని నాలుగు భాగాలు చేసి, చెట్టు లేచేదాకా మొదటి భాగాన్ని ఐదేళ్ళు మూశారు. అక్కడ మేసిన మేక పంచాయతీకి పోతుంది. ఆ ఇంటికి ఏడాది పాటు కొండగడ్డి ఉండదు. కాపలాకు మా అవ్వను పెట్టారు. ఆమె ఎవరినీ నమ్మదు మరి.

ఆమె అనుమానానికీ ఒక పద్ధతి ఉండేది. మింగిన రేగుపండ్ల విత్తనాలను మేకలు నెమరు వేస్తూ దొడ్లో కక్కేస్తాయి. ఆ ఏడాది కరువు వల్ల రేగుపండ్లు మిగిలింది మూసిన వైపే. అందుకని అవ్వ పొద్దున్నే చీపురు పట్టుకుని ఇంటింటి దొడ్డీ ఊడ్చి చూసేది.

ఒకరోజు ఆ వైపు లేతమొక్కలు మోడులై కనబడ్డాయి. అవ్వ కన్ను పక్కింటి పిన్నమ్మ మీద పడింది. ఆమె మేకలు నిగనిగలాడుతున్నాయని, పలకరిస్తే తల దించుకుంటోందని అవ్వ ఊరంతా తిరిగి చెప్పింది. పిన్నమ్మ బావి దగ్గరికొస్తే ఆడవాళ్ళు మాట ఆపేవారు. మగదిక్కు లేని ఇల్లు, ముగ్గురు పిల్లలు. గడ్డి ఆగితే వాళ్ళ బతుకే ఆగిపోతుంది. ఆమె దొడ్లో విత్తనం దొరక్కపోతే, ముందే ఊడ్చేసుకుందని అవ్వ తేల్చేసింది.

నిజం నాకు తెలుసు. పాలు చాలక మేకపిల్ల అరుస్తుంటే, తల్లిమేకను రెండు సాయంత్రాలు అక్కడికి తోలింది నేనే. చెప్పడానికి భయం. సిగ్గులేకుండా నేనూ పిన్నమ్మను అనుమానంగా చూశాను.

అమ్మకు జ్వరం వచ్చిన పొద్దున, మా దొడ్డి ఊడ్చే పని అవ్వ మీద పడింది. చీపురు ఆగింది. వంగి, ఏరి, కొంగున ముడి వేసుకుంది. నా వైపు ఒకసారి చూసింది.

ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక పెద్దల ముందు ఆ ముడి విప్పింది.

"ఇవి మా దొడ్లోవప్పా. ఊరంతా ఊడ్చినా గానీ మా ఇల్లు చూడల్యా" అంది. పిన్నమ్మ వైపు తిరిగి, "నిన్ను శానా మాటలన్నా. తప్పు నాదే" అంది.

పిల్లతో సహా నా మేక పంచాయతీకి పోయింది, మా ఇంటికి ఏడాది పాటు కొండగడ్డీ ఆగింది. నేను ఏడుస్తుంటే అవ్వ నన్ను కొండకు తీసుకుపోయి, ఆ విత్తనాలను నా చేతనే మోడుల మధ్య నాటించింది.

చనిపోయేదాకా ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఎవరి మీద అనుమానం కలిగినా ముందు మా దొడ్డే గుర్తొస్తుంది. ఆ రేగుచెట్ల కింద పండు తింటాను గానీ, విత్తనం ఉమ్మడానికి మనసొప్పదు. ఈ వయసులోనూ కొంగున ముడి వేసుకునే ఇంటికొస్తాను.