పురిటి గదిలో కెమెరా

కరోనాకి ముందు సంవత్సరం, చలికాలం చివరి రోజులు. టెక్కలి దాటాక ఒక ఊళ్ళో, ఇళ్ళ మధ్య చింతచెట్ల నిండా ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకుని ఉన్నాయి. వాటి మీద ఒక టీవీ ఛానెల్ కోసం డాక్యుమెంటరీ తీయడానికి వెళ్ళిన బృందంలో నేను కెమెరామన్‌ని. అంతకుముందు పన్నెండేళ్ళు నెల్లిమర్ల నుంచి గజపతినగరం దాకా పెళ్ళి వీడియోలు తీశాను. ఆ సంగతి దాచుకునే అలవాటు నాకు లేదు. తాళి కట్టే క్షణం రెండోసారి రాదు. దానికోసం రెప్ప వేయకుండా కాచుకోవడం నేర్చినవాడికి పక్షిని తీయడం చేతకాదని ఎవరన్నా నేను ఒప్పుకోను.

అయితే ఆ పెళ్ళి వీడియోల అలవాటే మొదటి రోజు నా కొంప ముంచింది. పెళ్ళికూతురి మొహం దగ్గరగా కావాలంటే మేం పురోహితుడి భుజం మీదుగా అయినా దూరిపోతాం. అదే ధీమాతో నిచ్చెన వేసుకుని చెట్టెక్కాను. తల్లి కొంగ బెదిరి లేచింది. గూటి అంచుకు జరిగిన పిల్ల ఒకటి జారి నేల మీద పడింది.

ఆ పెరడు దాలమ్మది. అరవై దాటిన రైతు మనిషి. పడిన పిల్లను బుట్టలో పెట్టుకుని నా వైపు తిరిగింది.

“ఒరే బాబూ, ఏ ఊరు నీది?”

“నెల్లిమర్ల, అత్తా.”

“నెల్లిమర్లలో మగోళ్ళు పురిటి గదిలోకి ఎల్లిపోతారేటి? ఇవి మా ఆడపిల్లలు. పురిటికొచ్చినారు. పిల్లలకి రెక్కలొచ్చినదాకా మాము టపాసులు కూడా పొలం అవతలికెల్లి కాల్సుకుంటాం. నువ్వు నిచ్చెనేసుకుని ఎక్కేస్తన్నావు!”

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పిల్లకి దాలమ్మ చిన్న చేపలు తినిపించి చూసింది. నేనూ తినిపించాను. మూడో రోజు చచ్చిపోయింది. ఇందులో చుట్టు తిప్పి చెప్పడానికేమీ లేదు, అది నా వల్లే చచ్చిపోయింది.

నిచ్చెన పక్కన పడేసి హైడ్ వేశాను. హైడ్ అంటే కెమెరామన్ దాక్కునే చిన్న గుడారం. కొత్త గుడ్డను చూసి కొంగలు మెడలు నిక్కించి మేత మానేస్తుంటే, దాలమ్మ గడ్డిమోపులు తెచ్చి దాని మీద కప్పింది. ఆ కొంగలు కళ్ళు తెరిచింది మొదలు చూసింది గడ్డికుప్పల్నే. రోజుకి కొంచెం చొప్పున దాన్ని చెట్టు దగ్గరికి జరుపుకుంటూ వచ్చాం. ఈ పనిలో ఇంకో కిటుకు ఉంది. పక్షులకు లెక్క రాదు. ఇద్దరు లోపలికి వెళ్ళి ఒకరు బయటికొస్తే లోపల ఎవరూ లేరనే అనుకుంటాయి. పొద్దున్నే దాలమ్మ నెత్తిన గడ్డిమోపుతో నాతో హైడ్ దాకా వచ్చేది. లోపల కాసేపు ఉండి తనొక్కతే వెళ్ళిపోయేది. ఆవిడ వెళ్ళడం చూసి కొంగలు తమ పనిలో పడేవి. నేను గడ్డి సందులోంచి లెన్స్ పెట్టి, దురదలు ఓర్చుకుంటూ కూర్చునేవాణ్ణి.

అలా తీసిన షాట్లేవీ మా డైరెక్టరుగారికి ఆనలేదు. మంద మొత్తం ఒక్కసారిగా ఆకాశంలోకి లేవాలి, అది స్లో మోషన్‌లో కావాలి. స్లో మోషన్ అంటే సెకనుకి మామూలు కంటే చాలా ఎక్కువ బొమ్మలు తీసి, వాటిని మామూలు వేగంతో చూపించడం. అప్పుడు రెక్క ఎలా విచ్చుకుంటుందో ఈకతో సహా కనిపిస్తుంది. కోరిక మంచిదే. కానీ గూట్లో పిల్లలున్న పక్షులు ఒక్కుమ్మడిగా లేవవు, వంతులవారీగా మేతకు పోతాయి. ఎదురుచూస్తూనే ఆఖరి రోజు వచ్చింది. ఆ పొద్దున ఆయన సంచిలోంచి టపాసుల దండ తీశారు.

“ఒకే ఒక్కసారి కాలుద్దాం. నువ్వు కెమెరా ఆన్ చేసుకుని రెడీగా ఉండు.”

“పిల్లలు పడిపోతాయి సార్.”

“ఉరుములకి పడవా? ప్రకృతిలో ఇవన్నీ మామూలే.”

ఎద్దు పుండు కాకికి ముద్దు అంటే ఏమిటో నాకు ఆ పూట తెలిసింది.

“ఉరుము దానంతటదే వస్తుంది సార్. ఇది మన సంచిలోంచి వచ్చింది. నేను తియ్యను.”

“పెళ్ళి వీడియోలవాణ్ణి తెచ్చుకున్నాను చూడు, నాకు బుద్ధి లేదు! తియ్యకపోతే సామాను సర్దుకో. ఈ రంగంలో ఇంకెవరూ నిన్ను పిలవరు.”

నాకు భయం కొంత, కోపం ఎక్కువ. ఆయన చేతిలోంచి ఆ దండ లాక్కుని, పెరట్లోని నీళ్ళ గోలెంలో ముంచి, మోచేతి దాకా చెయ్యి అందులోనే పెట్టుకుని నిలబడ్డాను. గోలెం పక్కన అంట్లు తోముకుంటున్న దాలమ్మ తల ఎత్తకుండానే అంది.

“అడుగుదాకా నొక్కు బాబూ. కొస పైకి తేలతన్నాది.”

సాయంత్రానికి కెమెరా అప్పగించి పొమ్మని డైరెక్టరుగారు కారెక్కి వెళ్ళిపోయారు. అంటే సాయంత్రం దాకా అది నా దగ్గరే ఉంటుందన్నమాట. ఉద్యోగం ఎలాగూ పోయింది. ఇక నన్ను ఆపేదెవరు?

“అత్తా, గడ్డిమోపు ఎత్తు,” అన్నాను.

అంతకుముందు ఒకరోజు దాలమ్మ ఒక మాట చెప్పింది. “ఎండెక్కినాక తల్లి రెక్కలు ఇప్పి పిల్లలకి నీడ పడతాది. పొద్దు ఎటు తిరిగితే అటు తిరుగుతాది, సూడు.” నేను గంటసేపు చూశాను కానీ నా కంటికి ఆ తిరగడం అందలేదు. అది అంత నెమ్మది. కంటికి అందని నెమ్మదిని చూపించడానికి టైమ్ లాప్స్ ఉంది. కెమెరాను స్టాండ్ మీద కదలకుండా బిగించి, కొన్ని సెకన్లకొక బొమ్మ తీస్తూ పోయి, తరవాత అన్నీ గబగబా నడిపిస్తారు. ఎండెక్కిన దగ్గర్నుంచి పొద్దు వాలేదాకా ఊపిరి కూడా బిగబట్టి తీశాను. ఆ బొమ్మల్ని నడిపించి చూస్తే, తల్లి కొంగ రెక్కలు చాపి గూటి మీద నిలబడి, సూర్యుడితో పాటు మెల్లగా తిరుగుతోంది. పిల్లల మీద నీడ తప్పడం లేదు. దాన్ని చూసి నేను ఏడ్చాను. మొదటి రోజు నేను బెదరగొట్టింది ఇలాంటి తల్లినే.

ఎడిటింగ్‌లో కూర్చున్నవాళ్ళు ఆ షాట్‌నే సినిమా మొదట్లో పెట్టారు. పేర్ల వరసలో నా పేరు లేదు. లేకపోతే పోనీ. రెండేళ్ళు మళ్ళీ పెళ్ళిళ్ళే తీసుకున్నాను, ఆ తరవాత వేరేవాళ్ళు పిలిచారు.

ఆ సినిమా టీవీలో వచ్చిన రోజు దాలమ్మ ఇంటికి వెళ్ళి ఆవిడ పక్కనే కూర్చుని చూశాను. కొంగ ఎగిరే చోట ఆవిడ చెవి ఒగ్గింది.

“రెక్కల సప్పుడు మా పిల్లలది కాదురా.”

నేను అదిరిపడ్డాను. ఆ ఊరివాళ్ళు తప్ప ఎవరూ పట్టుకోలేని సంగతి అది. దూరం నుంచి లెన్స్ బొమ్మను లాక్కొస్తుంది కానీ చప్పుణ్ణి తేలేదు. అందుకని చప్పుళ్ళను తరవాత స్టూడియోలో చేస్తారు. దీన్ని ఫోలీ అంటారు. ఆ రెక్కల చప్పుడు ఒక గొడుగును మైకు ముందు తెరిచి మూసి తెప్పించినదని ఎడిటింగ్‌వాళ్ళే నాకు చెప్పారు. అదే కాదు, సినిమాలో ఒక్క పిల్లగా పెరిగినట్టు కనిపించేది నిజానికి మూడు గూళ్ళలోని మూడు పిల్లలు. అన్నీ చెప్పేశాను.

“అయితే అబద్దమేనేటి?”

“అబద్ధమే, అత్తా.”

ఆవిడ టీవీ మీంచి చూపు తిప్పి నన్ను చూసింది.

“గొడుగు ఇప్పితే గూట్లో పిల్ల పడిపోతాదా ఏటి?”

“పడదు.”

“అయితే ఇప్పుకోండి.”

ఇలాంటి సినిమాలన్నీ కనికట్టే అని ఎవరైనా వెక్కిరిస్తే, అవును, కనికట్టే అంటాను. గడ్డికుప్పలో దాక్కున్నదీ కనికట్టే, లెక్క రాని పక్షిని ఏమార్చిందీ కనికట్టే. అందుకు సిగ్గుపడను. కానీ ఏ డైరెక్టరు ఏ షాట్ అడిగినా నేను ముందు దాలమ్మ ప్రశ్నే అడుగుతాను: గూట్లో పిల్ల పడుతుందా? పడినా పరవాలేదు అనే మనిషికి, సామాను సర్దుకో అని చెప్పే శ్రమ కూడా ఇవ్వను. నేనే సర్దుకుంటాను.