రైల్వే సారే దుకాణానికి వచ్చారు

ఎనుమాముల మార్కెట్లో మాది మిర్చి దుకాణం. ఒకప్పుడు సరుకు పంపే రైలు వ్యాగన్ల కోసం మా బాపు గూడ్సు ఆఫీసు చుట్టూ తిరిగేవాడు. ఇప్పుడు సరుకంతా లారీల్లో పోతోంది. అందుకే ఈ రోజు రైల్వే ఆఫీసరే గిరాకీ వెతుక్కుంటూ మా దుకాణానికి వచ్చారు. ఆయన్ని చూడగానే బాపు పాత అలవాటు కొద్దీ చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు.

"మీరు కూసోండ్రి పెద్దాయనా, అడగనీకి వచ్చింది నేను," అన్నారు ఆఫీసరు.

"రైల్వే సారు ముంగట నేనెట్ల కూసుంట?" అన్నాడు బాపు.

చివరికి ఇద్దరూ నిలబడే చాయ్ తాగారు, నిలబడే బేరం కుదుర్చుకున్నారు. ఈసారి మా మిర్చి రైల్లో పోతుంది. ఆయన వెళ్లాక బాపు కుర్చీలో కూలబడి, "అప్పట్ల గిట్ల అచ్చి అడిగితే నా మోకాళ్లు మంచిగుంటుండె గదరా!" అన్నాడు.

మీ ఇంట్లో పెద్దవాళ్ల మోకాళ్లు ఏ ఆఫీసు ముందు అరిగాయి?