లాభమన్న మొదటి చుట్టు

కోవిల్‌పట్టిలో బస్సెక్కిన దగ్గర్నుంచి సాత్తూరు దాటేదాకా నా వేళ్లు ఒళ్లో ఊరికే తిరుగుతూనే ఉన్నాయి. పక్కనున్న ముసలమ్మ చూసి చూసి, "ఏ సామికి మొక్కుకున్నావు తల్లీ?" అని అరవంలో అడిగింది. "మోటారుకవ్వా" అన్నాను.

ఆ రోజు విరుదునగరంలో నా చేతికి పరీక్ష.

అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. తొంభైల్లో కోవిల్‌పట్టిలో, బావి మోటార్లకు రాగితీగ చుట్టే షాపులో ఏడేళ్లు పనిచేశాను. అప్పట్లో చుట్లు నోటితో లెక్కపెట్టే అవసరమే ఉండేది కాదు, చేతికే తెలిసేది. బావులెండాయి, షాపు మూతపడింది. ఆ ఏడే మా ఆయన పనిచేసే నూలుమిల్లూ మూసేశారు. తాళిలో బంగారం పోయి పసుపుకొమ్ము మిగిలింది. నాలుగేళ్లు కోతలకు పోయాను, కళ్లాల్లో మినుములు కొలిచాను. చెయ్యి తీగను మరిచిపోయింది.

రెండువేలు దాటాక, విరుదునగరంలో బోరు మోటార్లు చుట్టే షాపుకు మనిషి కావాలని తెలిసి పోయాను. యజమానీ ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషే.

"బావి మోటారు వేరే, ఇది వేరేమ్మా. ఇది నీళ్లలోనే మునిగి ఉండాది. నెలదినాలు పక్కనుండి చూడు. ఆపైన ఒక మోటారు నీ చేతికిస్తా. నీళ్లలో నిలిచిందా, పని నీది. నిలవలేదా, వచ్చిన బస్సే" అన్నాడు.

ఆ తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. ఇనుములో కోసిన గాడుల్లోంచి ఒక్కొక్క చుట్టే చేత్తో లాగాలి. గోరు గీసుకున్నా చాలు, ఆ గీతలోంచి నీళ్లు దూరి మోటారు కాలిపోతుంది. గోళ్లు మొదలంటా కత్తిరించుకున్నాను. ఇంట్లో మంచం అల్లికలోంచి తీగముక్క దూర్చి లాగుతూ కూర్చునేదాన్ని.

"మంచానికి కరెంటు పెడతా ఉండావా ఏంది?" అనేవాడు మా ఆయన. నవ్వేవాడే గాని, నేను లాగేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు.

పరీక్ష రోజు యజమాని మోటారు ముందు పెట్టి, "గాడికి పద్దెనిమిది చుట్లు" అని చెప్పి బయటికి పోయాడు. మొదలుపెట్టాను. చెమటకు తీగ జారుతోంది. మూడు గాడులు నిండాయి. పైన వెదురు చీలిక దూర్చి మూయాలి. దూరలేదు. రెండోదానిలోనూ దూరలేదు.

చెక్క సుత్తి పక్కనే ఉంది. రెండు దెబ్బలేస్తే చీలిక దిగుతుంది, కింద తొడుగు చిట్లినా పైకి కనబడదు. సుత్తి చేతిలోకి తీసుకున్నాను కూడా. నీళ్లలో మునగాల్సిన మోటారని గుర్తొచ్చి, కింద పెట్టేసి గాడిలో తీగలు లెక్కపెట్టాను. పంతొమ్మిది. పక్కదానిలోనూ పంతొమ్మిదే.

ఎక్కడ తప్పానో అప్పుడు నా నోరే నాకు వినబడింది. మా ఇంట్లో గింజలు పడి గిన్నెతో కొలిస్తే మొదటి గిన్నె "లాభం" అని పోస్తారు, అందరిలాగా దాన్నే ఒకటిగా పట్టరు, అది లెక్కలో చేరదు. దాని తర్వాతే ఒకటి. నాలుగేళ్లు కళ్లాల్లో అట్లాగే కొలిచాను. ఇక్కడా ప్రతి గాడికీ లాభమని ఒక చుట్టేసి, తర్వాత పద్దెనిమిది వేశాను.

యజమాని వచ్చాడు. ఉన్నదున్నట్టు చెప్పాను.

"లాబం ఎవురికమ్మా? వైరు నాది" అన్నాడు. తర్వాత గాడులమీద వేలు నడిపి చూశాడు. "సుత్తి పెట్టినావా?"

"లేదన్నా."

సుత్తి తీసి అవతల పెట్టాడు. "విప్పు. కొత్త వైరు తీసుకో. పాతది మళ్లీ ముట్టుకోవద్దు."

ఈసారి ప్రతి గాడికీ ముందు, పక్కనున్న మేకుకు దారం ఒక చుట్టు చుట్టి "లాభం" అన్నాను. ఆ తర్వాతే తీగ పట్టుకుని ఒకటి. ఆ మాట మానేసి మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు.

చుట్టిన మోటారును మరునాటిదాకా నీళ్లతొట్టిలో ముంచారు. పొద్దున యజమాని, తొడుగు నిలిచిందో లేదో చెప్పే పరీక్షపెట్టె పిడి తిప్పుతుంటే నేను ముల్లు చూడలేదు, ఆయన మొహమే చూశాను. "నిలిచింది" అన్నాడు. మేకుకు చుట్టిన దారం విప్పుకున్నాను.

పని ఇచ్చాడు గాని భయం పోలేదు. నేను చుట్టిన మోటారు బోరులో దిగాక షాపు ఫోను మోగితే చాలు, అదే కాలిపోయిందనుకునేదాన్ని. రెండు నెలలకు ఆ మోటారు తాలూకు రైతే నేరుగా గడపలోకి వచ్చాడు, నల్లరేగడి ఊరివాడు, మా భాషే. నా చేతిలో తీగ ఆగిపోయింది. ఆయన తన తమ్ముడి మోటారు బాగుచేయించడానికి తెచ్చాడట.

"అన్నా, నీళ్లు వస్తా ఉండాయా?" అని అడిగాను.

"వస్తా ఉండాయి. ఏంటికి రావు?" అన్నాడు.

నేను గాడిలో ఎన్నో చుట్టు దగ్గర ఆపానో మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకున్నాను.