రూతుకు మా అవ్వ చిన్నవ్వ

నా చిన్నతనం సగం మలావీలోనే గడిచింది... ఆఫ్రికాలో ఒక చిన్న దేశం. మాకు నాన్న అంటే బాపు, అమ్మ అంటే అవ్వ. బాపు అక్కడ బైబిలు బడిలో పాఠాలు చెప్పేవాడు. అవ్వ సునీత మిషన్ దవాఖానలో నర్సు. తెల్లారేసరికే మా వాకిట్లో చంటిపిల్లల తల్లులు వరుసగా కూర్చొని ఉండేవాళ్లు.

పెద్ద ఆడవాళ్లను అక్కడ 'అమాయి' అంటారు... అమ్మ అని అర్థం. కొత్తలో అవ్వకు అది 'అమ్మాయి' అని వినిపించేది. "ఇద్దరు పిల్లల తల్లిని పట్టుకొని అమ్మాయి అంటరేంది వీళ్లు" అని పడీపడీ నవ్వేది.

అవ్వ ఇద్దరు పిల్లలంది గానీ... మలావీలో ఉన్నది నేనొక్కదాన్నే. చెల్లి రూతును ఏడాది పిల్లప్పుడే నస్పూర్‌లో పెద్దవ్వ దగ్గర వదిలి వచ్చాం. పెద్దవ్వ మా అవ్వకు సొంత అక్క, పెద్దబాపుది బొగ్గుబాయిలో, అంటే గనిలో పని, ఉండేది గని క్వార్టర్‌లో. రూతుకు జ్వరం వస్తే ఫిట్స్ వచ్చేవి. మలేరియా ఉన్న ఊరికి తీసుకుపోవద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు. "ఒక్క ఏడాదే అక్కా, జర పెద్దగయినంక తీస్కపోత" అని చెప్పి వచ్చింది అవ్వ.

ఆ ఒక్క ఏడాది నాలుగేళ్లయింది. ఒకసారి కలరా వచ్చింది... ఒకసారి అవ్వ బదులు రావాల్సిన నర్సు రాలేదు... ఒకసారి గాలివానకు చర్చి రేకులు లేచిపోయాయి. "గీ పనొకటి అయిపోనియ్" అనేది బాపు ఊతపదం. ఆ పని ఎన్నడూ అయిపోయేది కాదు.

నెలకోసారి టౌనుకు పోయి ఫోన్ చేసేవాళ్లం. రూతు మాట్లాడేది కాదు... ఊపిరి మాత్రం వినిపించేది. "సిగ్గు పడుతున్నది" అనేది పెద్దవ్వ. అవ్వ ఆ ఊపిరికే మురిసిపోయేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ప్రయాణం కుదిరింది. ఆరు వారాల సెలవు... తిరిగి వచ్చేటప్పుడు రూతును వెంట తెచ్చుకోవాలి. ఇప్పుడు ఫరవాలేదని డాక్టరు కూడా అన్నాడు. ఆ నెలంతా ఇంట్లో ఉరుకులు పరుగులే. అవ్వ పగలంతా కొత్త నర్సుకు మందుల బీరువా అప్పజెప్పడం, సాయంత్రం పెట్టెలు సర్దడం... నేను నా మంచంలో సగం ఖాళీ చేసి పెట్టాను. మధ్యలో ఉండి ఉండి అవ్వ పని ఆపి నన్ను అడిగేది, "ఐదేండ్ల పిల్లను సంకనెత్తుకోవచ్చంటవా?" నాకేం తెలుసు... ఎత్తుకోవచ్చులే అనేదాన్ని.

నస్పూర్‌కు దగ్గర్లోని మంచిర్యాల స్టేషన్లో దిగాం. పెద్దవ్వ, ఆమె ఇద్దరు కొడుకులు, వాళ్ల మధ్యలో రెండు జడలతో రూతు. అవ్వ సంచి అక్కడే పడేసింది.

"రా బిడ్డా."

రూతు పెద్దవ్వ కొంగు చాటుకు పోయింది. అక్కడినుంచే పెద్దవ్వను అడిగింది...

"అవ్వా, గీమెనేనా చిన్నవ్వ?"

పెద్దవ్వ ముఖం చిన్నబోయింది. "రోజూ ఫోటో సూపెట్టి మీ అవ్వ అనే చెప్పిన సునీతా... మా పోరగాండ్లు చిన్నవ్వ, చిన్నవ్వ అంటుంటే గదే పట్టుకున్నది." ఎవరి తప్పూ లేదు అందులో. ఆ ఇంటి పిల్లలకు మా అవ్వ పిన్ని వరస, చిన్నవ్వే కదా.

పోనీ ఆ ఆరు వారాలన్నా అవ్వ రూతుతో గడిపిందా అంటే అదీ లేదు. ఒకనాడు మంథనిలో ప్రార్థన కూటం, ఒకనాడు బోథ్‌లో, ఆదివారం వస్తే కరీంనగర్... దేవుడు చేసిన మేళ్ల గురించి సాక్ష్యం చెప్పమని పిలిచేవాళ్లే అందరూ. "దేవుడు మాకు అక్కడ ఎంతోమంది పిల్లలనిచ్చిండు" అని అవ్వ మైకులో చెబుతుంటే వెనక కూర్చున్న నాకు ఒళ్లు మండేది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు... అబద్ధమెందుకు.

ప్రయాణం రెండు రోజులుందనగా రూతుకు సంగతి తెలిసింది. అన్నం మానేసింది. మధ్యాహ్నం అవ్వ క్వార్టర్ మెట్ల మీద కూర్చొని దానికి తల దువ్వుతుంటే మెల్లగా అంది...

"చిన్నవ్వా, నువ్వు మంచిదానివి గదా. నన్ను తీస్కపోకు. మా అవ్వ ఏడుస్తది."

అవ్వ చేతిలో దువ్వెన ఆగింది. కాసేపటికి మళ్లీ కదిలింది. జడ అల్లడం అయిపోయాక లోపలికి చూసి, "అక్కా, ఇది ఈడనే ఉంటది" అంది.

పెద్దవ్వ ఏడ్చేసింది. "దేవుడు నీకిచ్చిన బిడ్డ... నేనెట్ల ఉంచుకుంట సునీతా?"

"దాన్ని అడుగు" అంది అవ్వ.

అప్పుడు రూతు మొదటిసారి మా అవ్వ మెడ చుట్టూ చేతులు వేసింది. నాలుగేళ్లు కాచుకున్న కౌగిలి... విడిచిపెట్టి పోతానంటే దొరికింది.

ఇప్పుడు అవ్వ, బాపు ఆ పరిచర్య చాలించుకొని కరీంనగర్‌లో నా దగ్గరే ఉంటున్నారు. రూతుకు అన్నీ తెలుసు. ప్రేమకు లోటేం లేదు... వస్తే ఏదో ఒక కూర వండుకొనే వస్తుంది. "అవ్వ అందామనే అనుకుంటనక్కా, నోటికి రాదు" అంది నాతో ఒకసారి.

మొన్న తన పాపను ఎత్తుకొని వచ్చింది. దానికి ఇప్పుడిప్పుడే మాటలు వస్తున్నాయి. రూతు అలవాటు కొద్దీ పాపను దించుతూ, "పో బిడ్డా, చిన్నమ్మమ్మ పిలుస్తున్నది పో" అంది. అన్నాక నాలుక కరుచుకుంది. అవ్వ ఏమీ అనుకోలేదు. "అవు... చిన్నమ్మమ్మనే. రా బంగారం" అంది. నేను వంటింట్లోకి పోయి నల్లా తిప్పుకొని ఏడ్చాను.

ఇప్పుడు ఏ దేశంలో ఉన్నా తల్లి ముఖం రోజూ ఫోన్లో కనబడుతుంది పిల్లలకు... మా రోజుల్లో అదొక్కటి ఉంటే మా అవ్వకు ఒక పిలుపు మిగిలేది. మీ ఇళ్లల్లో కూడా ఇలా వరస మారిపోయిన పిలుపులుంటే కింద రాయండి... ఇది మా ఒక్క ఇంట్లోనే జరగలేదని అవ్వకు చదివి వినిపిస్తాను.